బంగారు చొప్ప

వీరపునాయునిపల్లె పక్క ఊరి ఆదినారాయణ చొప్ప అమ్మడు. తండ్రి అమ్మలేదు, తాత అమ్మలేదు. కరువొస్తే ఇరుగుపొరుగుకు బదులిస్తారు, పంట పండాక కట్టకు కట్ట తిరిగి తీసుకుంటారు. చొప్పను దుడ్లకు అమ్మినవాడి కొట్టంలో గొడ్డు నిలవదని ఆ ఇంటి నమ్మకం. ఆ నమ్మకాన్ని పరీక్షించి చూసే అవసరం ఈ ఏడు దాకా ఎవరికీ రాలేదు.

ఈ ఏడు జొన్న విత్తాక వాన మొహం చాటేసింది. నాలుగెకరాల్లో మూడెకరాలు మోకాలెత్తు కూడా లేవకుండానే మాడిపోయాయి. వంక పక్క ఎకరం మాత్రం నిలువెత్తు పెరిగింది. కంకుల్లో గింజ లేదు, అంతా తాలే. అయినా ఆ చొప్ప ఉంటే కొట్టంలోని జత, మైల ఎద్దు, పుల్ల ఎద్దు, ఎండాకాలం గట్టెక్కుతాయి. ఊరంతా ట్రాక్టర్లకు మళ్లి పదేళ్లయినా ఆ జతను అతను వదల్లేదు. ఎద్దుల మీద ప్రేమ అని ఎవరైనా అంటే అతనికే నవ్వొస్తుంది. అవి లేకపోతే పొద్దున లేచి ఏం చెయ్యాలో యాభై ఎనిమిదేళ్ల ఆ మనిషికి తెలియదు, అంతే.

అప్పుడు ప్రొద్దుటూరు నుంచి సుధీర్ అనే ఫంక్షన్ల కాంట్రాక్టరు కారు దిగాడు. ఎవరో పెద్ద ఆసామి మనవడి పుట్టినరోజట. ఆ పిల్లవాడు మేఘపురి అని ఒక దేశం కల్పించుకున్నాడట. అక్కడ మబ్బుల మీద సేద్యం చేస్తారు, రాజు చప్పట్లు కొడితే వాన పడుతుంది, ఏటా మూడు కోతల పండగలు. ఆ పండగను ఫంక్షన్ హాల్లో దించాలి. అందుకు నిలువెత్తు జొన్న కావాలి.

"కంకుల్లో గింజ లేదు గదప్పా," అన్నాడు ఆదినారాయణ.

"మేఘపురిలో గింజ ఎవడు తింటాడు పెద్దాయనా! ఫోటోలో కనపడితే సాలు. రేటు చెప్పు."

"సొప్ప అమ్మను. బదులిస్తా. పండగైనాక ఒక్క కట్ట తగ్గకుండా తెచ్చియ్యాల."

సుధీర్ నవ్వు ఆపుకుని చెయ్యి కలిపాడు. కోత మొదలుపెట్టే 'కోతల పెద్ద' వేషం కూడా అతనికే అంటగట్టాడు.

సంగతి విని భార్య యశోదమ్మ చేట కింద పెట్టింది. "దుడ్లిస్తామంటే వద్దంటివి, ఏషమేస్తావా అంటే తలూపితివి. ఆ దుడ్లతో జమ్మలమడుగు కాడ వరిగడ్డయినా కొనుండొచ్చు."

"ఆయప్ప మాటిచ్చినాడు గదా."

"మాటిచ్చినాడు. గాట్లో ఎద్దులకు ఆ మాటే ఏస్తావా?"

పుట్టినరోజు నాడు పదకొండు గంటలకే హాలు తలుపులు మూసి పసుపుపచ్చ దీపాలు వేశారు. సుధీర్ మనుషులు రెండు రోజుల ముందే వేళ్లతో పెరికి తెచ్చుకున్న జొన్న ఇసుక తొట్లలో మెరుస్తూ నిలబడి ఉంది. ఆదినారాయణకు జరీ అంగీ, అట్ట కిరీటం తొడిగి, ముఖానికి మెరుపు పూశారు. ఆ వెలుతురులో అన్నీ బంగారమే: కుర్చీలు, పులిహోర గిన్నెలు, సుధీర్ పళ్లు.

కోతకు ముందు కొడవలి మొన నేలకు తాకించి కళ్లకద్దుకోవడం అతని అలవాటు. వంగి చూస్తే నేల లేదు, తివాచీ ఉంది. దానికే తాకించి అద్దుకున్నాడు.

"అబ్బా, ఏం యాక్షన్ పెద్దాయనా!" అన్నాడు సుధీర్.

రాజు వేషంలో ఉన్న పిల్లవాడు చప్పట్లు కొట్టాడు. పైనుంచి సబ్బునురగ వాన కురిసింది. విత్తనాల తర్వాత ఆదినారాయణ మీద పడ్డ మొదటి వాన అదే. కోస్తుంటే అరచేతులకు మెరుపు అంటింది. ముఖానికి పూసిందే కాబోలనుకుని అంగీకి తుడుచుకున్నాడు.

మర్నాడు ఉదయానికి కొట్టంలో మాడిన దంట్లు కూడా అయిపోయాయి. ఎద్దులు ఖాళీ గాడిని నాకుతుండగా ట్రాక్టరు వచ్చింది. ట్రాలీ నిండా కట్టలు. ఎండలో కూడా మెరుస్తున్నాయి. వాటి మీద కూర్చుని వచ్చిన పెయింటరు జమీర్ కిందికి దూకాడు.

"యాడ దించమంటావు మామా? పొయ్యి కాడనా?"

"పొయ్యి కాడేంది? ఎద్దులకు."

జమీర్ మొహం పాలిపోయింది. "అల్లా! రంగు మామా అది. నేనే కొట్టినా, ఆకాకు తిప్పి రెండు కోటింగులు. గొడ్డు తింటే పేగులు పోతాయి. నీకు చెప్పలేదా?"

"దీపాల మెరుపనుకుంటి," అన్నాడు ఆదినారాయణ.

సుధీర్‌కు ఫోను చేస్తే, "ఒక్క కట్టన్నా తగ్గిందా పెద్దాయనా?" అన్నాడు. తగ్గలేదు.

ఆదినారాయణ ఒక దంటు తీసి కొడవలితో గీకాడు. రంగుతో పాటు ఆకూ ఊడొచ్చింది. ఇంతలో జొన్న వాసనకు పుల్ల ఎద్దు పలుపు తెంచుకుని వచ్చి కట్టలో మూతి పెట్టింది. అతను మెడ పట్టి లాగాడు. కదల్లేదు. ఆకలిగొన్న ఎద్దును ముప్పై ఏళ్ల సేద్యంలో ఎన్నడూ కొట్టని మనిషి, చేతికందిన ఆ జొన్న దంట్లతోనే మూతి మీద కొట్టాడు. దంట్లు విరిగేదాకా కొట్టాడు. నమిలినదాన్ని యశోదమ్మ వేళ్లు పెట్టి బయటికి లాగింది.

"ఇంగ సాలు," అంది. ఎద్దుతో అందో, మొగుడితో అందో.

ఆ వారమే పులివెందుల సంతకు జతను తోలుకుపోయాడు. దళారి పుల్ల ఎద్దు మూతి పైకెత్తి చూశాడు.

"ఏందప్పా, ఎద్దుకు బంగారు పూత ఏయించినావే!"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. గొడ్డును అమ్మినా పలుపు మాత్రం ఇంటికి తెచ్చుకుంటారు, ఇంకో గొడ్డు రావాలని. బేరం ముగిశాక దళారి ఆ పద్ధతి ప్రకారమే పలుపులు విప్పబోయాడు.

"వద్దు, నీ కాడే పెట్టుకో," అన్నాడు ఆదినారాయణ.