తీగ లాగెయ్యమన్న రోజు

తొంభైల చివర్లో విశాఖపట్నంలో ఒక చిన్న కంప్యూటర్ కంపెనీలో పనిచేసేదాన్ని. పిన్ని కూతురి నిశ్చితార్థానికి చోడవరం వెళ్లాను. నిశ్చితార్థం మర్నాడే మేము ఒక విద్యాసంస్థ పరీక్షా ఫలితాలను ఇంటర్నెట్‌లో పెట్టాలి. ప్రోగ్రాం రాసింది నేనే. అయితే మొదటినుంచీ కాదు, బయట ఉచితంగా దొరికే ఫ్రేమ్‌వర్క్, అంటే ముందే రాసిపెట్టిన ప్రోగ్రాం చట్రం, ఒకటి తెచ్చి దానిమీద కట్టాను.

పొద్దున్న పళ్లేల్లో తమలపాకులు సర్దుతుంటే పక్కింటి ఫోనుకు ఆఫీసునుంచి కబురొచ్చింది, వెంటనే మాట్లాడమని. ఆ ఫోనుకు ఎస్టీడీ లేదు. పట్టుచీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని మెయిన్ రోడ్డు మీది బూత్‌కు పరుగెత్తాను.

నాతో పనిచేసే అమ్మాయి ఫోన్ ఎత్తింది. మాడుగుల వైపు పిల్ల, నన్ను అక్కా అనేది. ఆ ఫ్రేమ్‌వర్క్‌లో పెద్ద లొసుగు బయటపడిందని మెయిల్ వచ్చిందట. హాల్ టికెట్ నంబరు కొట్టే గడిలో ఎవరైనా కొన్ని గుర్తులు కొట్టి, వాటి వెనక ఒక ఆజ్ఞ రాస్తే చాలు, మా సర్వర్ ఆ ఆజ్ఞను నోరుమూసుకుని పాటిస్తుంది. ఎక్కడో కూర్చున్నవాడు మా మిషన్‌లో ఫైళ్లు చెరపొచ్చు, మార్కులు దిద్దొచ్చు.

ముందు సర్వర్‌ను లైను నుంచి తప్పించమన్నాను. పక్కనే ఉన్న మా యజమాని రిసీవర్ అందుకుని కుదరదన్నారు. సంస్థవాళ్లు ఆ పూటే నమూనా పేజీలు చూస్తున్నారు, తెర ఖాళీగా కనిపిస్తే పని పోతుందన్నారు. నడుస్తుండగానే బాగుచెయ్యమన్నారు.

అమ్మాయి మళ్లీ లైనులోకి వచ్చాక, అంకెలు తప్ప ఏం వచ్చినా వెనక్కి కొట్టే నాలుగు లైన్లు చెప్పడం మొదలుపెట్టాను. ఒక్కొక్క కామా, ఒక్కొక్క బ్రాకెట్. లైనులో గరగర. చెప్పిందే మళ్లీ చెప్పాలి. రెండో లైను సగంలో ఉండగా వెనకనుంచి ఎవరో అద్దం మీద తట్టారు. బుచ్చయ్యపేట నుంచి వచ్చిన రైతు. తలగుడ్డ విప్పి చేతిలో నలుపుతున్నాడు.

"మా ఆడమనిషికి పట్నంలో కానుపు ఆపరేషన్ సేస్తన్నారమ్మా. ఒక్కమాట కనుక్కుని ఎట్టేత్తాను."

ఆ చుట్టుపక్కల మరో బూత్ లేదు. ఫోన్ ఇవ్వకుండా ఉండలేను. ఇస్తే, సర్వర్ తలుపు అలా బార్లా తెరిచి ఉంటుంది.

"నెట్ కేబుల్ లాగేసీ," అన్నాను.

"సార్ వద్దన్నారు కదక్కా?"

"నేను సెప్పేనని సెప్పు. ముందు లాగేసీ."

క్షణం తర్వాత, "లాగేసేనక్కా," అంది. ఫోన్ పెట్టేశాను.

రైతు గట్టిగా అరుస్తూ వార్డు పేరు చెప్పాడు. తర్వాత రిసీవర్ చెవికి అదిమిపెట్టుకుని విన్నాడు. ఆయన వీపునే చూస్తూ నిలబడ్డాను. చివరికి గోడకు చేరగిలబడి నావైపు తిరిగాడు.

"తల్లి బాగుందంట. పుట్టిన గుంటని గాజుపెట్టెలో ఎట్టేరంట." కళ్లు తుడుచుకుని అడిగాడు: "నీకేటి కష్టమొచ్చిందమ్మా?"

ఆఫీసులో దొంగలు పడేలా ఉన్నారని అన్నాను. బేగి మాటాడమని పక్కకు తప్పుకున్నాడు.

ఈసారి యజమాని ఎత్తారు. రేపటినుంచి రావక్కర్లేదన్నారు. అమ్మాయికి ఫోన్ ఇమ్మని, సర్వర్‌లోకి వచ్చిపోయినవాళ్ల జాడ చూడమని ఆమెకు చెప్పాను. కీబోర్డు చప్పుడు వినిపించింది.

"అక్కా, ఎవడో వచ్చేడు," అంది మెల్లగా. "బయటినుంచి ఏదో ఫైలు దింపడం మొదలెట్టేడు. సగమే దిగింది."

కేబుల్ లాగేసరికి అక్కడికి ఆగిపోయింది.

ఇంటికి వెళ్లి పిన్నికి చెప్పి, ఆమె ముఖంలోకి చూడకుండా విశాఖ బస్సెక్కాను. నేను వెళ్లేసరికి యజమాని ఆ సగం ఫైలు ముందే కూర్చుని ఉన్నారు. పొద్దున్న అన్న మాట మళ్లీ ఎత్తలేదు. వాడు ఇంకేం ముట్టుకున్నాడో మాకు తెలియదు. అందుకే మిషన్ మొత్తం తుడిచి, ఆ నాలుగు లైన్లూ చేర్చి మళ్లీ మొదటినుంచి నింపాం, సంస్థవాళ్లిచ్చిన సీడీతో మార్కులన్నీ సరిచూశాం. మర్నాడు ఫలితాలు పొద్దున్నకు బదులు సాయంత్రం వచ్చాయి. ఆలస్యానికి వాళ్లు మండిపడ్డారు, తర్వాత మాకు మరో పని ఇవ్వలేదు.

ఆ సాయంత్రం నేనూ ఆ అమ్మాయీ తెరముందే కూర్చుని, గడిలోకి వస్తున్న నంబర్లను ఒక్కొక్కటీ చూస్తూ ఉండిపోయాం. వచ్చినవన్నీ అంకెలే.