జమ్మి రెమ్మకు రాగి

2022 చలికాలం. జనగామ బస్టాండు వెనక సందులో నా దుకాణం. ఆకులకు, గింజలకు, పూలకు రాగి పట్టించి నగలు చేస్తాను. దీన్ని ఎలక్ట్రోఫార్మింగ్ అంటారు. ఎండిన ఆకుకు వార్నిష్ వేసి, దాని మీద కరెంటు పారే కండక్టివ్ పెయింట్ పూసి, రాగి ద్రావణంలో వేలాడదీస్తాం. సన్నని కరెంటుకు రాగి పొరగా పేరుకుంటుంది. ఈనె కూడా చెడదు.

మా ఇంటిపేరు చెబితే మొగుళ్లపల్లి చుట్టుపక్కల ఒకప్పుడు కూర్చున్నవాళ్లు లేచేవారు. ఇప్పుడక్కడ మాకు గుంటెడు భూమి లేదు. ఎవరినీ చెయ్యి చాచి అడగలేదు. ఈ పని నేర్చుకున్నాను.

ఒకరోజు సమ్మయ్య అనే బస్సు కండక్టర్ దుకాణానికి వచ్చి, జేబులోంచి పొట్లం తీసి విప్పాడు. ఎండిన జమ్మి రెమ్మ.

"మా బాపు దసరకు నా చేతుల పెట్టిన బంగారం. దీపావళికి ఆయన లేడు. గిది లాకెట్ చెయ్యాలె."

దసరా నాడు మా వైపు జమ్మి ఆకే బంగారం. పెద్దల చేతిలో పెడితే వాళ్లు తిరిగి మన చేతిలో పెట్టి గుండెకు హత్తుకుంటారు.

"ముట్టుకుంటే రాలే ఆకులు. చెడితే మళ్లీ చేయలేను" అన్నాను.

"ఎరుకే. మీరెవరో గూడ ఎరుకే. మా బాపు ఏటేట జమ్మి పట్కొని మీ తాత కాడికి వచ్చేటోడు. చేతికియ్యబోతే 'అరుగు మీద పెట్టి పో' అనేటోడంట. మర్ల మా బాపు చేతుల పెట్టింది లేదు."

"మా తాత సంగతి నాకెందుకు చెప్తున్నరు?"

"మీకు గాక ఎవలకు చెప్పాలె?"

తర్వాతి స్టాపు పేరు చెప్పినంత మామూలుగా అన్నాడు.

కరెంటు పెంచితే పని తొందరగా అవుతుంది కానీ రాగి గరుకుగా గడ్డకడుతుంది. బాగా తగ్గించి పెట్టాను. అప్పటికే వార్నిష్ వేస్తుండగా రెండాకులు రాలాయి. మిగతావి నిలిచాయి. పైన బంగారు పూత వేశాను. అంత మంచి పని అంతకుముందు నా చేతి నుంచి రాలేదు.

అతను వచ్చినప్పుడు లేచి నిలబడ్డాను. మా ఇంట్లో ఎప్పుడో జరగాల్సింది నేను జరిపిస్తున్నాననుకున్నాను. లాకెట్‌ను అరచేతిలో పెట్టుకుని చెయ్యి ముందుకు చాచాను.

సమ్మయ్య దాన్ని చూశాడు. చెయ్యి చాచలేదు.

"మంచిగ చేసిండ్రు సార్. జర గా కౌంటర్ అద్దం మీద పెట్టుండ్రి."

పెట్టాను. అక్కడి నుంచి తీసుకుని కళ్లకద్దుకున్నాడు. బస్సుకు టైమైందని వెళ్లిపోయాడు.

తాత చేత్తో తీసుకోని జమ్మిని మనవడు చేత్తో ఇవ్వలేడు. ఆ పని నాకు నేర్పింది అదే. అప్పటినుంచి ఎవరి నగనైనా అద్దం మీదే పెడతాను. చేతికివ్వను.