అవ్వ ముఖం కొలత

నా చిన్నప్పుడు నా ముఖంలో నాకు బొత్తిగా గిట్టనివి ముందు రెండు పళ్ళు. తొమ్మిదేళ్ళ పిల్లకు ఉండాల్సినవి కావవి. బళ్ళో నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్ళే లేరు, అందరికీ పారపళ్ళదాన్నే. నవ్వొస్తే చెయ్యి అడ్డం పెట్టుకునేదాన్ని. ఒకరోజు మా నాయన కొడవలికి పదును పెట్టే ఆకురాయి తీసుకుని దొడ్లోకి పోయి ఆ రెండింటినీ అరగదీయబోయాను. జివ్వుమని నరం లాగింది. ఏడ్చాను గానీ పట్టు విడవలేదు. ఇది డాక్టరు చేయాల్సిన పని అని తేల్చుకున్నాను.

మా నాయన తల్లికి, అంటే మా అవ్వకు, ఆ ఏడాదే కట్టుడు పళ్ళు పెట్టించాల్సి వచ్చింది. పళ్ళ డాక్టరు నంద్యాలలో ఉండేవాడు, మాదేమో శిరివెళ్ల పక్క పల్లె. బస్సులో తోడుగా నేనూ పోతానని మొండికేశాను. ఎందుకో ఎవరికీ చెప్పలేదు.

కుర్చీలో కూర్చోగానే అవ్వ తన కోరిక చెప్పేసింది. "పెండ్లయిన కాన్నుంచి పారపండ్లదనే అనిపిచ్చుకుంటి నాయనా. ఇప్పుడన్నా మల్లెమొగ్గల మాదిరి చిన్నవి పెట్టు." నేను తెల్లబోయాను. నాకు ఊహ తెలిసేసరికే ఆమె ముందు పళ్ళు ఊడిపోయి ఉన్నాయి, అవెలా ఉండేవో నేనెరగను.

డాక్టరుకూ తెలిసే దారి లేదు. ఉన్న ఒక్క ఫోటోలో అవ్వ పెదాలు బిగించుకుని ఉంది. అందుకని ఆయన రెండు వంకర కాళ్ళున్న ఇనప కొలబద్ద తీసి, ఈ చెంప ఎముక నుంచి ఆ చెంప ఎముక దాకా ఆనించాడు. నూట ముప్పై ఆరు మిల్లీమీటర్లు. దాన్ని పదహారుతో భాగిస్తే ముందు పన్ను వెడల్పు ఉజ్జాయింపుగా తెలుస్తుందట. ఆ భాగహారం నాకే ఇచ్చాడు. ఎనిమిదిన్నర వచ్చింది. అది చాలా పెద్దదని అవ్వ ఒప్పుకోలేదు. "లెక్క నీది, నోరు నాది" అంది. ఆయన నవ్వి రెండు కొలతలూ చీటీ మీద రాసుకున్నాడు.

మరుసటి వారం మేం వెళ్ళేసరికి మైనం మీద రెండు పళ్ళ వరసలు తయారుగా పెట్టాడు, ఒకటి అవ్వ అడిగింది, ఇంకోటి కొలత చెప్పింది. ముందు చిన్నవి పెట్టి అద్దమిచ్చాడు. ఆ వెడల్పాటి ముఖంలో పాలపళ్ళు మొలిచినట్టుంది. "ఇవి యెవురివప్పా?" అంటూ అవ్వే పీకేసింది. తర్వాత రెండోవి పెట్టాడు. అవ్వ అద్దం దించలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఇన్నేండ్లు వీటికా నేను నోరు మూసుకోని ఉండేది!" అంది. ఆ గొంతులో సంతోషం కంటే కోపమే ఎక్కువ వినిపించింది నాకు.

అంత చూశాక కూడా నా మొండితనం నాదే. నా పళ్ళు అరగదీయమని డాక్టరును అడిగేశాను. ఆయన కసరలేదు. నా పన్ను కొలిచి ఎనిమిదిన్నర అన్నాడు. ముఖం కొలిస్తే అవ్వ ముఖం కంటే చాలా తక్కువ వచ్చింది.

"పన్ను వచ్చేటప్పుడే పూర్తి సైజులో వస్తాది పాపా, ఇంక పెరగదు. నీ మొకమే ఇంకా వస్తాండాది. అంతవరకు తాళు."

అవ్వ ఆయన మీదికే లేచింది. "దాని పండ్ల జోలికి పోతివంటే చూడు!" పాపం, ఆయనకా ఉద్దేశమే లేదు. తిరుగు బస్సులో నేను కిటికీ పక్కన కూర్చుని, తాళతాను అని నాకు నేనే గట్టిగా చెప్పుకున్నాను. పదహారేళ్ళు దాటేదాకా వెక్కిరింపులు పడుతూనే తాళాను, అప్పటికి నా ముఖం ఆ పళ్ళకు సరిపడా వచ్చింది.

తర్వాత ఆళ్లగడ్డలో చాలా ఏళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పాను. ఏ పిల్లకైనా గొంతో, కోపమో, పంతమో వయసుకు మించి కనిపిస్తే తోటి టీచర్లు దాన్ని తగ్గించాలని చూసేవారు. నా చెయ్యి మాత్రం దానికి ఎప్పుడూ లేవలేదు. ఆ పిల్లలో మిగతాదంతా దానికి సరిపడా ఎదిగి వచ్చేదాకా పక్కన నిలబడడమే నా పని అనుకున్నాను.