నాయనమ్మ కట్టిన చేపల బుట్ట

ఎండు వంజరం వాసన తగిలితే రాజమహేంద్రవరంలో మా ఇరుగుపొరుగు తలుపులు వేసుకుంటారు గానీ, నాకు మాత్రం మొగల్తూరు కాలువగట్టు కళ్ళకు కడుతుంది. నిన్న మా తమ్ముడు గోనెసంచి నిండా తెచ్చాడు. తెచ్చాడేగానీ, వాసనొస్తోందన్న పాపానికి రైలు గార్డు మీద నోరు పారేసుకుని, మొహం కందగడ్డ చేసుకుని దిగాడు. నాకు నవ్వొచ్చింది. వాడు భూమ్మీద పడిందే ఒక మంచి మాట పుణ్యాన.

మా చిన్నతనంలో మాఘమాసం వస్తే పేటంతా ఇసుక మీద చేపలే. మేం పిల్లలం కాకుల్ని తోలుతూ చింతపిక్కలాడుకుంటుంటే, ఆడవాళ్ళు ఉప్పు చేతులతోనే గంజి తాగేవారు, సంతనాడు అమ్మా నాయనమ్మా బుట్టలతో కాలువ పడవెక్కి పాలకొల్లు వెళ్ళేవారు. సంతకు వెళ్ళకపోతే ఇంట్లో గింజలుండవు. ఆ ఏడు పడవల కంపెనీకి కొత్తగా వచ్చిన మేనేజరు, తోటి ప్రయాణికులు ముక్కులు మూసుకుంటున్నారని, చేపల బుట్టలు ఎక్కించొద్దన్నాడు. అమ్మ నిండు చూలాలు. అంతకుముందొక వేసవిలో, మరమ్మతులకు కాలువ కట్టేసినప్పుడు, నెత్తిన బుట్టతో పాలకొల్లు దాకా నడిచి కడుపులో బిడ్డను పోగొట్టుకున్న మనిషి.

మా చిన్నాన్న అగ్గిమీద గుగ్గిలమై, కాలువకడ్డంగా తాటిదుంగలు పడేస్తానన్నాడు. నాయనమ్మ కసిరింది.

"నోరు మంచిదైతే ఊరు మంచిదవుద్దిరా. ముందడిగి చూద్దాం."

ఎవరి గుమ్మం తొక్కినా వట్టి చేతులతో వెళ్ళకూడదన్నది మా వాళ్ళ పద్ధతి. ఉన్నవాటిలో మేలైన వంజరం ఏరి, కిందా పైనా ఊకబూడిద పోసి, అరిటాకులు చుట్టి, తాటాకు చాపలో బిగించి నారతో కట్టింది. కోటూ టోపీ వేసుకుని దొరల కంపెనీలో పనిచేసేవాడు చేపలు తినకుండా ఉంటాడా అనుకుంది, పిచ్చితల్లి. నన్ను వెంటబెట్టుకుని వెళ్ళి, బుట్ట ఆయన బల్లకింద పెట్టి చేతులు కట్టుకుంది.

"అయ్యగారూ, మీ పడవొచ్చాక మా బతుకులు తేలికయ్యాయండి. వాసనన్నది నిజవేనండి, ఒక్కోసారి మాకే ముక్కు పగిలిపోద్ది. ఎలా కట్టుకు రమ్మంటారో మీరే సెలవియ్యండి. మా కోడలు మళ్ళీ నడవలేదండి."

ఆయన మెత్తబడ్డాడు. అమ్మకు ఎన్నో నెలని అడిగాడు, నన్ను చూసి నవ్వాడు, చివరికి ఆ బుట్టలో తెచ్చింది మామిడితాండ్రా అన్నాడు.

"ఎండు వంజరవండి, మీకోసవే."

ఆయన కాళ్ళు రెండూ బెంచీ మీదికి లాక్కున్నాడు. ఆ ఊపుకి కోటు పక్కనుంచి జంధ్యం బయటపడింది. నాయనమ్మ నాలిక్కరుచుకుంది. గుమాస్తా గోడవైపు తిరిగి నవ్వుకున్నాడు. నాకు మాత్రం ఏడుపొచ్చింది, అమ్మకిక నడక తప్పదని.

"ఇది ఇందాకట్నుంచీ ఇక్కడే ఉందా?" అన్నాడాయన.

"మీ కాళ్ళకాడే ఉందండి, తప్పయిపోయింది."

ఆయన ముక్కు ఎగబీల్చి చూశాడు. ఏ వాసనా తగల్లేదు. ఇలా కట్టిన బుట్టలైతే పడవ వెనకవైపు పెట్టుకోవచ్చని చెప్పి, స్నానానికి కాలువలోకి దిగాడు. నాయనమ్మ కావాలనే అలా చేసిందని పేటంతా మెచ్చుకున్నారు గానీ, ఆ మాటకు ఆవిడ సిగ్గుతో చచ్చిపోయేది. వచ్చే సంతకు అమ్మ పడవలో కూర్చునే వెళ్ళింది. ఉగాదికి ముందే తమ్ముడు పుట్టాడు.

ఇప్పుడా పడవల్లో మనుషులు పల్చబడ్డారు. అందరికీ రైలే కావాలి. అలా బుట్ట కట్టేవాళ్ళూ పోయారు. తమ్ముడి తిరుగు ప్రయాణానికి మామిడికాయలు కడదామని చాప తెచ్చి కూర్చుంటే, నాయనమ్మ వేసే ముడి ఎంతకీ నా చేతులకు రాలేదు. వాడింకా ఆ గార్డుని తిడుతూనే ఉన్నాడు.

"ఈసారి ఆయన కనబడితే ఏమనాలో చెబుతా, నేర్చుకో," అన్నాను. "అయ్యగారూ, మీ రైలొచ్చాక మా బతుకులు తేలికయ్యాయండి. అక్కణ్ణుంచి మొదలుపెట్టు."