ఆయిల్ గడిలో సున్నలు

మా తమ్ముడి విమానం లెక్కకు మించి ఆయిల్ తాగుతోందన్న సంగతి నాకు తార్నాకలో మా ఇంటి మెట్ల కింద, జనవరిలో ఒక గురువారం పొద్దున తొమ్మిదింబావుకు తెలిసింది.

విమానం అంటే పెద్దదేమీ కాదు. రెండు సీట్లు, ఒకే ఇంజన్, ముక్కు మీద ఒక పంకా. ఊరి బయట చిన్న రన్‌వే పక్కన ఒక రేకుల షెడ్డులో ఉంటుంది. తమ్ముడు యూనివర్సిటీలో ఇంజన్ల గురించి పాఠాలు చెప్పి రిటైరయ్యాడు. నడపడం అంతకు చాలా ముందే నేర్చుకుని లైసెన్సు తెచ్చుకున్నాడు. రిటైరైన ఏడాదే, నాన్న పొలంలో తన వాటా అమ్మి, ఎవరో వాడిన ఈ విమానాన్ని కొన్నాడు. నేను వద్దన్నాను. వాడు వినలేదు. విననిది వాడు, శిక్ష మాత్రం నాకు పడింది. దాని లెక్కలు నా నెత్తికి చుట్టుకున్నాయి.

మొదటి ఏడాది లెక్కలు వాడే రాశాడు. రాశాడు అనకూడదు. లేచిన టైము పెళ్లి శుభలేఖ వెనకాల, పోసిన పెట్రోలు అరచేతి మీద, ఆయిల్ సంగతి జ్ఞాపకంలో. విమానాన్ని నెలకోసారి పరీక్షించే ఇంజనీరు విద్యానగర్ నుంచి వస్తాడు. ఒకప్పుడు మా తమ్ముడి విద్యార్థే. ఆ చీటీలన్నీ మా ఇంటి బల్ల మీద పరుచుకుని ఏడుపు ముఖంతో కూర్చున్నాడు.

"సార్ పాఠం చెప్తే మల్ల పుస్తకం తెరిచే పని లేకుండె అమ్మా. గని గీ చీటీలు చూసి నేను సంతకం పెడితే నా లైసెన్సు పోతది."

ఆ రోజు నుంచి ఏడేళ్లుగా ఆ లెక్కలు నేనే రాస్తున్నాను. యూనివర్సిటీ పరీక్షల విభాగంలో ముప్పై నాలుగేళ్లు మార్కులు కూడినదాన్ని. అక్కడ మాకు రెండు పట్టింపులుండేవి. గడి ఖాళీగా వదలకూడదు, ఏమీ లేకపోతే సున్న వేయాలి. తప్పు రాస్తే చెరిపేయకూడదు, ఒక్క అడ్డగీత కొట్టి, పైన సరైన అంకె వేసి, పక్కన పొట్టి సంతకం, తేదీ వేయాలి. విమానం పుస్తకంలో కూడా అదే నడిపించాను. పేజీ నిండగానే అడుగున "సరిచూశాను" అని రాస్తాను.

వాడు ఆదివారం పొద్దున ఎగురుతాడు. సోమవారం ఆరున్నరకు మేమిద్దరం క్యాంపస్‌లో కలుస్తాం. నేను తార్నాక వైపు నుంచి నడిచి వస్తాను, వాడు గుడ్డ సంచీలో పుస్తకం పెట్టుకుని వస్తాడు. లైబ్రరీ దారిలో ఒక రాతి బెంచీ మాది. ఆ వేళకే చెట్ల కింద ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలు చాపలు వేసుకుని పైకి చదువుతూ ఉంటారు. వాడు చీటీ చూసి చెప్తాడు, నేను రాస్తాను. ఇంజన్ గంటల మీటరు ఎగిరే ముందు ఎంత, దిగాక ఎంత. పెట్రోలు ఎన్ని లీటర్లు. ఆయిల్ ఎన్ని డబ్బాలు. పెట్రోలును గంటలతో భాగిస్తే ఇరవై రెండు లీటర్ల దగ్గర రావాలి. రాకపోతే నేను మళ్లీ అడుగుతాను, వాడు విసుక్కుంటాడు. ఆయిల్ డబ్బా అంటే లీటరుకు కాస్త తక్కువ. తొమ్మిది గంటలకు ఒక డబ్బా పోయడం మామూలు. పుస్తకం పూర్తి చేసి నా దగ్గరే ఉంచుకుంటాను, శనివారం వచ్చి తీసుకెళ్తాడు. ఆ పుస్తకం లేకుండా విమానం లేవడానికి వీల్లేదు.

వాడి ఫ్లాటు మూడో అంతస్తులో. ఆయిల్ వాసన మా మరదలికి పడదు. అందుకని ఆయిల్ పెట్టెలు మా మెట్ల కింద ఉంటాయి. పెట్టెకు పన్నెండు డబ్బాలు. ఎన్ని ఇచ్చానో వేరే నోటుబుక్కులో రాసుకుంటాను.

ఆ గురువారం ఇంజనీరు స్కూటర్ దిగుతూనే అన్నాడు. "అమ్మా, రెండు ఆయిల్ డబ్బాలియ్యుండ్రి. షెడ్డుల ఒక్కటి గుడ లేదు."

"ఎట్ల లేదు? మూడుండాలె. నవంబర్ల నాలుగిచ్చిన. పుస్తకంల ఒకటే పోసినట్టున్నది."

"డబ్బాలున్నయమ్మా. నాలుగున్నయ్. ఖాళీవి. మూలకు, గోనెసంచి కింద."

నేను మెట్ల కింద వంగి ఉన్నదాన్ని అలాగే ఉండిపోయాను. నడుము నొప్పి ఒకటి. అతను నా చేతిలోని డబ్బా అందుకున్నాడు.

"సార్ రాయ మరిచిపోయిండేమో," అన్నాడు. అతను నమ్మి అన్న మాట కాదు. గోనెసంచి దానంతట అది కప్పుకోదు.

"నువ్వు అడుగు సార్‌ను," అన్నాను.

"నేనా? నాతోని అయితదా అమ్మా. ఇప్పటికీ ఆయన ముందట కుర్చీల కూసోను నేను. మీరు లెక్క చూసి పుస్తకంల రాయుండ్రి. రాసిన కాయితం చూపిస్తే నేను ఇంజన్ విప్పుత. గప్పుడు నేను అడిగినట్టు ఉండదు."

అతను వెళ్లాక పుస్తకం ముందేసుకున్నాను. ఎనిమిది ఆదివారాలు. పొగమంచు వల్ల రెండు పోయాయి. మిగతా ఆరు: 1.4, 1.6, 1.2, 1.5, 1.7, 1.6. మొత్తం తొమ్మిది గంటలు. నేను రాసినదాని ప్రకారం తొమ్మిది గంటలకు ఒక డబ్బా, ఎప్పటిలాగే. ఖాళీ డబ్బాల ప్రకారం తొమ్మిది గంటలకు నాలుగు, అంటే రెండుంబావు గంటలకు ఒకటి. ఆరు ఎగరడాల్లో ఒకచోట ఒకటి, అయిదుచోట్ల సున్నలు. ఆ అయిదింటిలో మూడు అబద్ధం.

వాడు సున్న అని చెప్పినప్పుడల్లా నేను సున్న వేశాను. గడి ఖాళీ లేదు, కూడిక తప్పలేదు, అడుగున "సరిచూశాను" అని నా చేత్తోనే ఉంది. పెట్రోలు ఒక లీటరు తేడా వస్తే బెంచీ మీద వాడి ప్రాణం తీసినదాన్ని, ఆయిల్‌కు నోటిమాట నమ్మాను. ఇచ్చిన డబ్బాల నోటుబుక్కు నా ఇంట్లోనే ఉంది, రెండూ పక్కపక్కన పెట్టి చూడలేదు. ఎనిమిది వారాలు వాడు ఆ ఇంజన్‌తో గాలిలో ఉన్నాడు. ఆయిల్ అయిపోతే అది గాలిలోనే ఆగిపోతుంది. డెబ్భై నాలుగేళ్ల వయసులో ఇంకా ఎవరి వెనకాలో ఖాళీ డబ్బాలు లెక్కపెట్టుకోవాలా అని నీరసం వచ్చింది. పుస్తకం మూసి పడుకున్నాను. పగటిపూట పడుకోవడం నాకు అలవాటు లేదు.

ఎందుకు దాచాడో ఒకరు చెప్పనవసరం లేదు. లైసెన్సు నిలవాలంటే ఏడాదికోసారి డాక్టరు పరీక్ష గట్టెక్కాలి. పోయిన మార్చిలో ఆ డాక్టరు గుండె పరీక్ష చీటీ రెండుసార్లు తిప్పి చూసి, ఈ ఏటికి ఇస్తున్నాను, వచ్చే ఏటికి ఆశ పెట్టుకోవద్దు అన్నాడు. వాడికి అరవై ఎనిమిది. మార్చి చివరి దాకా ఆదివారాలు లెక్కపెట్టాను. పదకొండు. ఆయిల్ ఇంతలా తాగుతోందని పుస్తకంలోకెక్కితే ఇంజన్ విప్పుతారు, సామాను పై దేశం నుంచి రావాలి. ఆ పదకొండు అందులోనే పోతాయి.

శుక్రవారం మధ్యాహ్నం, రెండుంబావు గంటలకు ఒకటి చొప్పున ఎప్పుడెప్పుడు పోసి ఉండాలో లెక్కగట్టి, మూడు సున్నలకు అడ్డగీతలు కొట్టి, పైన ఒకటి, ఒకటి, ఒకటి వేశాను. పక్కన వాడి సంతకానికి చోటు వదిలాను.

శనివారం సాయంత్రం నాలుగింటికి వాడు వచ్చాడు. చెప్పులు విడవకుండానే గుమ్మంలో నిలబడ్డాడు.

"పుస్తకం ఇయ్యక్కా. పొద్దుగాల అయిదింటికే పోవాలె."

"లోపలికి రా. మూడు సంతకాలు పెట్టాలె."

కళ్లద్దాలు తీసి తుడుచుకుని పేజీ చూశాడు. చాలాసేపు చూశాడు. మూడు గీతలు చూడటానికి అంతసేపు అక్కర్లేదు.

"ఎవరు చెప్పిండ్రు నీకు?"

"డబ్బాలు చెప్పినయ్."

"నీకు లెక్కలు అప్పజెప్పిన చూడు, గదీ నా తప్పు. చీటీలే మంచిగుండె."

"చాయ్ పెట్టాల్నా?"

"చాయ్ ఎందుకే. అక్కా, పదకొండు ఆదివారాలు. నాకు ఇంకేం అక్కరలేదు. గిప్పుడు విప్పితే సామాన్ ఎప్పుడు రావాలె, ఎప్పుడు బిగియ్యాలె? మార్చి దాటితే ఆ డాక్టర్ నాకు సంతకం పెట్టడు. పదకొండు ఆదివారాలు నువ్వు కండ్లు మూసుకుంటే ఏమైతది?"

"ఏమైతదో నువ్వే చెప్పు. పాఠాలు చెప్పినోనివి."

జవాబు తెలిసినవాడు కాబట్టి దాని పక్కనుంచి తప్పుకున్నాడు.

"పోస్తనే ఉన్న గద. ఎక్కే ముందట కొలుస్త, దిగినంక కొలుస్త. ఒక్కన్నే పోత. నా పానం, నా ఇష్టం."

"కింద ఊళ్లు లేవా? బడులు లేవా?"

"ఆదివారం బడులుండయ్ అక్కా."

నాకు నవ్వొచ్చింది. వాడికీ వచ్చింది. చిన్నప్పటి నుంచీ అంతే, దొరికిపోయినప్పుడే వాడికి మాటలు బాగా వస్తాయి. తర్వాత నవ్వు ఆగిపోయింది, పుస్తకం అలాగే తెరిచి ఉంది.

"గిట్లనే ఒక్క మార్కుకు ఎంతమంది పిల్లల్ని ఫెయిల్ చేసినవో," అన్నాడు.

"నేను ఫెయిల్ చేయలే. కూడిన."

"నువ్వు కూడితే వాళ్లు ఫెయిలయిండ్రు. నీకు తేడా ఉంటదేమో, వాళ్లకు లేదు."

పెన్ను మూత తీసి వాడి ముందు పెట్టాను. వాడు నిలబడే మూడు చోట్లా పొట్టి సంతకాలు పెట్టాడు. మూడోది కాగితం చిరిగేంత గట్టిగా పెట్టాడు. పుస్తకం తీసుకోకుండా మెట్లు దిగిపోయాడు. నేను ఇంజనీరుకు ఫోన్ చేసి, రాశాను, వచ్చి చూడు అన్నాను.

అతను ఇంజన్ విప్పి, పది రోజుల తర్వాత వచ్చి చెప్పాడు. "ఒక సిలిండర్ల రింగులు అరిగినయమ్మా. ఫిల్టర్ కోసి చూసిన. ఇనుప పొడి గిట్ల ఏం లేదు, అంటే లోపల ఇంకేం అరుగుతలేదు."

"అంటే, అట్లనే నడిపితే ఏమన్నా అయ్యేదా?"

"కాకపోవచ్చు. కావచ్చు గుడ. గ్యారంటీ ఎవరిస్తరమ్మా?"

అవునో కాదో ఒకటి చెప్పమని మళ్లీ అడిగాను. అతను తల అడ్డంగా ఊపి చాయ్ తాగాడు. ముప్పై నాలుగేళ్లు నేను చేసిన పనిలో అడుగున ఒక మొత్తం వచ్చేది. ఇక్కడ ఏమీ రాలేదు. తప్పకుండా పడిపోయేదని అతను చెప్పి ఉంటే నాకు నిద్ర పట్టేది. ఏమీ అయ్యేది కాదని చెప్పి ఉంటే, కనీసం వాడి కాళ్లు పట్టుకునేదాన్ని.

ఆ సిలిండర్ రావడానికి నాలుగు నెలలు పట్టింది. సోమవారాలు నేను క్యాంపస్‌కు వెళ్లి బెంచీ మీద కూర్చునేదాన్ని. అయిదు సోమవారాలు వాడు రాలేదు. ఆరో సోమవారం ఖాళీ చేతులతో వచ్చి పక్కన కూర్చున్నాడు. మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడుకున్నాం. మార్చి చివరి వారంలో డాక్టరు దగ్గరికి ఎప్పుడు పోతున్నావని అడిగాను. "పోను," అన్నాడు. "వద్దనిపించుకునుడు ఎందుకు."

మే నెలలో ఇంజన్ బిగించారు. ఇంజనీరు నా దగ్గర్నుంచి పుస్తకం తీసుకెళ్లి సంతకం పెట్టాడు. నడపడం నేర్పే పైలట్ ఒకామె, ముప్పై ఏళ్ల పిల్ల, వచ్చి ముందు ఒక్కతే ఎగిరి చూసింది. ఆ తర్వాతి ఆదివారం మా తమ్ముణ్ణి పక్క సీట్లో కూర్చోబెట్టుకుని వెళ్లింది.

మర్నాడు వాడు గుడ్డ సంచీతో వచ్చాడు. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. చీటీ ఈసారి చక్కగా, నాలుగు మడతలు పెట్టి, గీతలు గీసి ఉంది.

"మీటరు?"

"ఒకటి పాయింట్ మూడు."

"పెట్రోలు?"

"ఇరవై తొమ్మిది. భాగించుకో, ఇరవై రెండే వస్తది."

భాగించాను. కాస్త పైన వచ్చింది. "ఆయిల్?"

"పావు డబ్బా. ఆ పిల్ల ముందటనే కొలిచిన."

పైలట్ గడిలో ఏడేళ్లుగా వాడి పేరు ఒకసారి రాసి కింద చుక్కలు పెట్టుకుంటూ వచ్చేదాన్ని. ఈసారి ఆ అమ్మాయి పేరు పూర్తిగా రాయాల్సి వచ్చింది. అక్షరాలు ఒక్కొక్కటే చెప్పాడు. నేను నెమ్మదిగా రాశాను, తొందరేమీ లేదు.

"మీద ఉన్నప్పుడు అడిగింది," అన్నాడు వాడు, చెట్ల కింద చదువుకునే పిల్లల వైపు చూస్తూ. "సార్, కొంచెంసేపు మీరు పట్టుకుంటరా అని."

"పట్టుకున్నవా?"

"లే. పట్టుకుంటే నీకు చెప్పాలె. చెప్తే నువ్వు రాస్తవ్."

వాడి ముఖంలోకి చూశాను. వాడు నా వైపు తిరగలేదు. మళ్లీ అడిగితే ఇంకో మాట చెప్తాడేమో అనిపించింది. అడగలేదు. రిమార్కుల గడిలో "పక్క సీటులో ప్రయాణికుడు ఒకరు" అని రాసి, సంతకం కోసం పుస్తకం వాడి వైపు జరిపాను. సంతకం తాను పెట్టేది కాదని, ఆ పిల్ల పెట్టాలని వాడే గుర్తు చేశాడు.