రెండు రాజులు, ఒక పండగ డ్యూటీ

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. చేతికి మంచి ముక్క వచ్చిందంటే అది ఆడటానికే వచ్చిందని, దాన్ని ఆడకుండా పారేసేవాడు పిరికివాడో మతి లేనివాడో అయి ఉండాలని. ఇరవై ఏళ్లు కావొస్తున్నాయి. పెళ్లయింది, జుట్టు పలచబడింది, బీపీ మాత్ర కూడా మొదలైంది. అయినా పేకలో రాజు బొమ్మ కనబడితే చాలు, ఆ గడ్డాన్ని పట్టుకుని నాలుగు మాటలు అడగాలనిపిస్తుంది. నమ్మినవాడిని నట్టేట ముంచడానికి కిరీటం దేనికయ్యా అని.

అసలు మా ఇల్లు పేకాటకు పనికొచ్చే ఇల్లు కాదు. బళ్లారి బ్రూస్‌పేటలో మూడు తరాలుగా ఉంటున్న క్రైస్తవ మిషన్ కుటుంబం మాది. నాన్న సంఘ పెద్ద. ఇంట్లో పేకముక్క కనబడిందంటే సైతాను చెప్పులు విడిచి లోపలికొచ్చినట్టే లెక్క. (ఒకసారి మేనత్త కొడుకు జేబులోంచి ఇస్పేటు ఏడు కిందపడితే, దాన్ని నాన్న చీపురుతో ఎత్తి బయట పారేశారు. చేత్తో ముట్టుకోలేదు.) అలా ఇరవై మూడేళ్లు పేక మొహం చూడకుండా పెరిగినవాడిని, ఉక్కు ఫ్యాక్టరీలో ట్రైనీగా చేరి కూరెకుప్పలో అద్దె గదికి మారగానే కరువులో ఉన్నవాడు విందులో పడ్డట్టు పేకలో పడ్డాను. చిన్నప్పుడే నేర్చుకున్నవాళ్లకు కొంత నిదానం ఉంటుంది. నాకున్నదల్లా ఉత్సాహం.

ఆదివారం మధ్యాహ్నాలు మా గదిలో ఆట. మేం నలుగురం, ఒకే సెక్షన్ వాళ్లం. పోకర్ అనే ఈ ఆటను మోసుకొచ్చిన కుర్ర ఇంజనీరు, అతన్ని 'బెంగళూరు' అనేవాళ్లం. నా గదిలోనే ఉండే ఆదోని అబ్బాయి, ఊరందరికీ 'బావ'. నేను. నాలుగోవాడు క్రేన్ ఆపరేటర్ బండన్న. సంగనకల్లు మనిషి. వాళ్ల ఊరి గుట్టల మీద రాతియుగం గొడ్డళ్లు దొరుకుతాయని ఎక్కడెక్కడి వాళ్లో చూడటానికి వస్తారు గానీ, ఆ గుట్టలకున్నంత నిబ్బరం ఈయన మొహంలోనే చూడొచ్చని మేం ఆ పేరు పెట్టాం. ఆట తెలియని వాళ్లకు రెండు ముక్కల్లో చెబుతాను. ఒక్కొక్కరికి చాటుగా రెండు ముక్కలు పంచుతారు. తర్వాత నడుమ అందరికీ కలిపి ఐదు ముక్కలు పరుస్తారు. ముక్కలు పడేకొద్దీ పందెం పెంచొచ్చు, వద్దనుకుంటే ఎప్పుడైనా ప్యాక్ అని తప్పుకోవచ్చు. మొదట వచ్చే రెండు ముక్కల్లో అన్నిటికన్నా గొప్పది ఆసుల జత. దాని తర్వాతది రాజుల జత.

మా పందెం రూపాయలతో కాదు, చింతపిక్కలతో. ముప్పై పిక్కలంటే ఒక డ్యూటీ. నా ముప్పై పిక్కలు నువ్వు గెలిస్తే, నువ్వు చెప్పిన రోజు నీ బదులు నేను డ్యూటీకి పోవాలి. పిక్కలు అయిపోతే ఇంకో డ్యూటీ ఒప్పుకుని ఇంకో ముప్పై తీసుకోవచ్చు. ఇష్టమైనప్పుడు లేచి పోవచ్చు, మళ్లీ వచ్చి కూర్చోవచ్చు. ఇది బెంగళూరు పెట్టిన ఏర్పాటు. కానీ దీని మర్మం పట్టింది బండన్న ఒక్కడే. "ఈ ఆట యాడికీ పోదప్పా. ఈ ముక్క కాకుంటే ఇంగో ముక్క వస్తాది" అని, గంటలో ముప్పావు గంట ముక్కలు పారేస్తూ వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ కూర్చునేవాడు.

పారేస్తే పారేశాడు, చెత్త ముక్కలు పారేస్తే నాకేం బాధ? ఒకరోజు రాణుల జతను పారేశాడు! ముందు బెంగళూరు పందెం పెంచాడు, దాని మీద బావ మూడింతలు పెంచాడు. బండన్న ఒక్క క్షణం చూసి, ఇద్దరు రాణులనూ పక్కనున్న నాకు కనబడేలా తిప్పి, ఎంగిలాకులా జరిపేశాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

"రాణులనూ పారేస్తావా అన్నా? నీకేమన్నా మనసుండాదా?"

"ముందర ఇద్దరు పోటీ పడి ఎగురుతాండారు. ఇద్దరి చేతుల్లోనూ ఉత్తిదే ఉంటాదా? మధ్యలో దూరితే మనకే దెబ్బ" అన్నాడు శనక్కాయ నోట్లో వేసుకుని. "క్రేనులో బరువు ఎత్తినాక ఊగుతాందనుకో, దించేయల్ల. ఎత్తినాము కదా అని పోనిస్తే కింద మనుషులుంటారు."

చివరికి బావ దగ్గర ఆసులు తేలాయి. అయినా నాకు బండన్న చేసింది తప్పుగానే తోచింది. గెలిచినా ఓడినా మర్యాద అనేది ఒకటుంటుంది కదా, ఇంటికొచ్చిన రాణులను అలా పంపేస్తారా అని రెండు రోజులు క్యాంటీన్లో అందరితో వాదించాను.

ఇక డిసెంబర్ చార్టు సంగతి. మా షిఫ్టుల చార్టు వేసే ఆఫీసరు నా పేరుకు ఎదురుగా ఇరవై ఐదో తేదీన 'ఎ' అని రాశాడు. అంటే పొద్దున ఆరు నుంచి రెండు. క్రిస్మస్ రోజు! పోయి మొరపెట్టుకుంటే, "కొలిమికి పండగలు తెలీవు. నీకు ఇరవై ఆరు ఆఫ్ ఉంది కదా, ఆ రోజు చేసుకో" అన్నాడు. ఉగాది పచ్చడి మరుసటి రోజు తినమని ఎవరికైనా చెబుతారా? రంజాన్ వాళ్లతో నెలవంకను ఒక రోజు ఆగమంటారా? నాకే ఎందుకు ఈ ఉచిత సలహా? బదులు వచ్చే మనిషిని నేనే వెతుక్కుంటే అభ్యంతరం లేదన్నాడు, అదీ నా మీద దయ చూపినట్టు.

నా కోపం నా పండగ కోసమే అయితే ఎలాగో దిగమింగేవాణ్ణి. కానీ ఆ యేడు క్రిస్మస్ ఆరాధనలో లేఖన పాఠం, అంటే బైబిల్లో గొర్రెల కాపరుల భాగం, చదివే వంతు మొదటిసారి నాకు వచ్చింది. మా అవ్వకు కంటిచూపు దాదాపు పోయింది. "నాకు కనపడకపోతే ఏం, నా మనవని గొంతు ఇనపడతాది కదా" అని వీధిలో కూరగాయల బండివాడితో సహా అందరికీ చెప్పుకుంది. రోజూ ఫోన్ చేసి, "నాయనా, సాధకం చేస్తాండావా? గట్టిగా చదవల్ల, నేను మూడో వరసలో ఉంటా" అనేది. డ్యూటీ పడిందని ఆమెతో చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఇరవై ఐదున ఆఫ్ ఉన్నది బండన్నకు ఒక్కడికే. మరి వెళ్లి అడగొచ్చు కదా అంటారా? అక్కడే ఉంది నా గొప్పతనం. రాణుల విషయంలో అంత వాదించి, ఆయన దగ్గర చేతులు కట్టుకుని నిలబడటమా? అడిగితే అది దయ, గెలిస్తే హక్కు. ఆ ఆదివారం ఆటలో ఆయన ముప్పై పిక్కలూ గెలిచి, తలెత్తుకుని బ్రూస్‌పేట పోదామనుకున్నాను. (పాఠం చదవడానికి పేకాటలో అనుమతి సంపాదించబోతున్నానన్న సంగతి నాకు అప్పుడు వింతగా అనిపించలేదు. వయసు అలాంటిది.)

పండగకు ముందు ఆదివారం. ఆట మొదలై అరగంట కాలేదు. ముక్కలెత్తి చూస్తే రాజు. పక్కన ఇంకో రాజు. చిన్నప్పుడు సండేస్కూలు నాటకంలో నక్షత్రం వెంట వచ్చే ముగ్గురు రాజుల్లో నేనొకణ్ణి, అట్టకిరీటం పెట్టుకుని. క్రిస్మస్ వారంలో చేతిలోకి ఇద్దరు రాజులు వచ్చారు, మూడోవాణ్ణి నేనున్నాను, ఇంతకన్నా దైవసంకేతం ఏం కావాలి? రెండు పిక్కలు వేశాను. బెంగళూరు, బావ ప్యాక్. బండన్న ఆరు వేశాడు. నెలలుగా ఆడుతున్నా ఆయన అలా తిరిగి పెంచగా నేను చూడలేదు. చూడలేదన్న సంగతి నాకు గుర్తు రావాలి కదా? రాలేదు. నేను పదిహేనుకు పెంచాను. ఆయన శనక్కాయ ఒలవడం ఆపి, తన ముందున్న పిక్కల కుప్ప మొత్తం నడుమకు నెట్టాడు.

ఇప్పుడు చెప్పమంటే చిన్నపిల్లాడైనా చెబుతాడు. రాణులను పారేసేవాడు, ఆసు-రాణి కలిసొచ్చినా పారేసేవాడు, ఉన్నదంతా తోశాడంటే ఆయన దగ్గర ఏముంటుంది? నేను పారేసినా నా దగ్గర ఇంకా పదిహేను పిక్కలుంటాయి. సాయంత్రం దాకా ఆట ఉంది. క్రిస్మస్ చేజారిపోలేదు. కానీ పారేయాల్సింది రాజులను! అదీ వేసిన పదిహేను పిక్కలను వదులుకుని!

బండన్న నా మొహం చూసి, "పారేయప్పా" అన్నాడు మెల్లగా. "మంచిదానికే చెప్తాండా."

అంతే, నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. "భయపడతాండాడు, చూడండప్పా! భయం లేకుంటే పారేయమని ఎందుకు చెప్తాడు?" అన్నాను. మిగిలిన పదిహేనూ తోసేశాను.

ఆయన ముక్కలు తిప్పాడు. రెండు ఆసులు. నడుమ పరిచిన ఐదు ముక్కల్లో రాజు జాడ లేదు, పైగా పుండు మీద కారం చల్లినట్టు ఇంకో ఆసు వచ్చి కూర్చుంది. "అయ్యో మగా, రాజులు కదా" అన్నాడు బెంగళూరు, చావు పరామర్శకొచ్చినవాడిలా. (మగా అంటే కన్నడంలో ఒరేయ్ అని.) నేను లేచి నిలబడి ఏమేం అన్నానో అన్నీ గుర్తులేవు. ఈ ఆటలో న్యాయం లేదన్నాను. రెండో గొప్ప ముక్క ఇచ్చి ఓడించే ఆట ఆటేనా అన్నాను. మా నాన్న చీపురుతో ఎత్తిపోసింది ఎందుకో ఇప్పుడు తెలిసిందన్నాను. బండన్న అంతా విని, "అయితే ముప్పై ఒకటో తేదీ నా నైట్ డ్యూటీ నువ్వు చేయల్లప్పా" అన్నాడు. ముప్పై ఒకటి రాత్రి! మా చర్చిలో పాత సంవత్సరాన్ని సాగనంపే ఆరాధన! ఒక్క ఆటలో రెండు పండగలు పోగొట్టుకున్నవాడు మా సంఘంలో నా ముందూ లేడు, నా తర్వాతా ఉండడు.

మూడు రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. అవ్వ ఫోన్ వస్తే "సాధకం చేస్తాండా అవ్వా" అని అబద్ధం చెప్పి, స్నానాల గదిలోకి పోయి ఏడ్చాను. ఇది సిగ్గుపడాల్సిన విషయమే అయినా జరిగింది కాబట్టి రాస్తున్నాను. ఇరవై నాలుగో తేదీ డ్యూటీ దిగేటప్పుడు బండన్న వచ్చి నా ముందు ఒక చీటీ పెట్టాడు. డ్యూటీలు మార్చుకునే చీటీ. ఇరవై ఐదు, ఎ షిఫ్టు, నా బదులు ఆయన. ఆయన సంతకం ఉంది, ఆఫీసరు సంతకం కూడా ఉంది.

"ఈడ నీ సంతకం పెట్టు."

"ఎందుకన్నా? నేను ఓడిపోతిని కదా."

"ఓడిపోతివి. దానికి ముప్పై ఒకటి ఉండాది. ఇది వేరే. మీ అవ్వ సంగతి క్యాంటీన్లో అందరికీ చెప్పినావు, నాకు తప్ప. అడిగింటే అప్పుడే ఇచ్చింటి కదప్పా. దీనికి కూడా రాజులను పెట్టల్లనా?"

నాకు సంతోషం కన్నా ముందు కోపం వచ్చింది. అడిగితే ఇచ్చేవాడివైతే ముందే ఎందుకు ఇవ్వలేదు, అని. ఆ మాట పైకి అనకుండా సంతకం పెట్టి, ఉన్న ఆఖరి బస్సు పట్టుకున్నాను.

పాఠం చదివాను. మూడో వరసలో అవ్వ తల వంచుకుని, చెవి నా వైపు పెట్టి కూర్చుంది. బయటికొచ్చాక నా చెంపలు తడిమి, "బాగ చదివినావు నాయనా, కానీ ఏమంత తొందర? ఆ గొర్రెల కాపరులను బస్సుకు పరిగెత్తిచ్చినట్ల పరిగెత్తిస్తివి" అంది. ముప్పై ఒకటి రాత్రి చచ్చినట్టు డ్యూటీకి పోయాను. బండన్న అందులో ఒక్క పిక్క కూడా తగ్గించలేదు. నాన్న అడిగితే "ఒక అన్నకు సాయం" అన్నాను. ఆయన ఆ మంచి బుద్ధికి మురిసిపోయి ప్రార్థనలో నా పేరు చెప్పారట.

సంక్రాంతి దాటాక బండన్న కూతురికి చెవులు కుట్టించే వేడుకకు సంగనకల్లు పోయాం. అన్నం వడ్డిస్తూ బండన్న భార్య బావతో అంటోంది. "డిసెంబర్ ఇరవై ఐదుకే కుట్టిద్దామని కంసాలిని పిలిచింటిమి, మా పుట్టింటోళ్లూ వచ్చిండిరి. ఈయప్ప ఎవరికో పండగంటని డ్యూటీకి పాయ. వచ్చినోళ్లంతా తిని ఎళ్లిపోయిరి. అట్లాంటి స్నేహితులు ఎవురుంటారప్పా లోకంలో?" బావ నా వైపు చూశాడు. నేను విస్తరి సగంలోనే మడిచి లేచాను. చేయి కడుక్కునే చోట బండన్నను పట్టుకున్నాను.

"ముందే చెప్పొచ్చు కదన్నా. అట్లయితే నేను సంతకం పెట్టకపోదును."

"అందుకే చెప్పలేదు" అన్నాడు. "చెవులు యాడికి పోతాయప్పా? ఈ నెల కాకుంటే వచ్చే నెల. మాది ఇంగో ముక్క వస్తాది, పారేస్తిని. మీ అవ్వది మళ్లా వస్తాదో రాదో."

రాలేదు. మరుసటి క్రిస్మస్‌కు మూడో వరసలో అవ్వ లేదు.

ఇప్పుడు ఆ షిఫ్టుల చార్టు వేసేది నేనే. పండగలొస్తే కుర్రాళ్లు మార్పు చీటీలు పట్టుకుని, అడగడానికి నామోషీ పడుతూ తలుపు దగ్గర నిలబడతారు. లోపలికి రమ్మని పిలిచి, ఎవరి ఆఫ్ ఎవరికి వాయిదా పడగలదో నేనే అడిగి తెలుసుకుంటాను. అంతవరకు బండన్న పాఠం నాకు బాగానే ఒంటబట్టింది. ఆటలో మాత్రం లేదు. రిటైరైన బండన్న ఇప్పటికీ అప్పుడప్పుడు వస్తాడు, చింతపిక్కలు కూడా అవే. పోయిన ఆదివారం నాకు రెండు రాజులు వచ్చాయి. ఆయన ఒలుస్తున్న శనక్కాయ పక్కన పెట్టి, కుప్పంతా నడుమకు నెట్టి, "పారేయప్పా" అన్నాడు. ఇంతకాలం తర్వాత కూడా నాకు అదే కోపం వచ్చింది. పారేయలేదు.