దాలయ్య ఎంచుకున్న ముల్లు

మా ఇంటికీ దాలయ్య మైకు సెట్టు దుకాణానికీ మధ్య ఒకటే గోడ. గజపతినగరంలో ఇరవై ఏళ్లు ఆ గోడకి ఇవతల నేను ట్యూషను పిల్లలకి లెక్కలు చెప్పాను, అవతల అతను హారన్లు పరీక్షించాడు. మాకెన్నడూ పడలేదు. ఒకసారి పదో తరగతి పరీక్షల ముందు నాకు ఒళ్లు మండి పోలీసు స్టేషనుకి కూడా వెళ్లాను. మర్నాడు పొద్దున్నే దాలయ్య మా గుమ్మంలో నిలబడ్డాడు.

"మేష్టారూ, సౌండు పెద్దగెట్టడం నా తప్పే. గోడ మీద ఒక దెబ్బ కొడితే తగ్గించీవోడిని కదా. దానికి టేసను దాకా ఎల్లాలేటి?"

అప్పట్నుంచి గోడ మీద కొట్టాను, అతను తగ్గించాడు, అయినా మాటలు పెరగలేదు. నేను రిటైరయ్యాక నా చెవులూ కొంచెం మందగించాయి, అతని వ్యాపారమూ మందగించింది. అప్పుడు గాని ఇద్దరం ఒక బల్ల మీద కూచుని టీ తాగలేదు.

దాలయ్యకి ఇప్పుడు డెబ్బై. వాళ్లది వరీ చోళ్లూ పండించుకునే కుటుంబం. తండ్రి సూరయ్య ఎవరి పెళ్లిలోనో మైకు విని మనసు పారేసుకుని, రెండు హారన్లూ ఒక యాంప్లిఫయరూ తెచ్చాడు. పద్దెనిమిదో ఏట దాలయ్య దాని ముందు కూచున్నాడు, ఇంక లేవలేదు. అమ్మవారి సంబరమైనా, పెళ్లైనా, క్రిస్మస్ అయినా, చర్చిలో కోతల పండుగైనా బండి మీద సామాను కట్టుకుని వెళ్లేవాడు. ఎవరికి కావలసిన పాటల రికార్డులు వాళ్లు తెచ్చి అతని దగ్గరే ఉంచేవారు. వాటిని తిప్పే యంత్రం చుట్టుపక్కల అతనొక్కడికే ఉండేది మరి. తర్వాత కేసెట్లొచ్చాయి, సీడీలొచ్చాయి, ఫోన్లొచ్చాయి. రికార్డులు రెండు ట్రంకు పెట్టెల్లోకి వెళ్లిపోయాయి. ఇప్పుడు ఆ దుకాణంలో ఉండేవి అద్దెకిచ్చే కుర్చీలూ షామియానాలే.

తన వృత్తి గురించి అతనికి ఒక్కటే గర్వం. "నా సేతిలో ఒక్క ప్లేటు ఇరగలేదు మేష్టారూ" అనేవాడు. నేనొప్పుకునేవాణ్ణి. పెట్టెలు తెరిచి చూపించినప్పుడల్లా ప్రతి రికార్డూ దాని కవరులో, కవరు మీద ఎవరిదో పేరుతో, బడిలో హాజరు పట్టీలాగ ఉండేది.

పోయిన ఫిబ్రవరిలో అతనికి శ్రీకాకుళం నుంచి ఒక ఫోనొచ్చింది. చేసింది దీవెన. అరసవల్లిలో ఉంటుంది, బడిలో టీచరు, యాభై దాటిన మనిషి. పుట్టింది ఇక్కడే. ఆవిడకి మూడేళ్లప్పుడు తల్లి దేవమణి జ్వరమొచ్చి పోయింది. తండ్రి ఎలీషా మళ్లీ పెళ్లి చేసుకున్నాడు, మొదటి భార్య పేరు ఇంట్లో ఎత్తనివ్వలేదు. దీవెన హైస్కూలు దాకా ఇక్కడే చదివి, తర్వాత హాస్టలుకి వెళ్లిపోయింది. డిసెంబరులో ఎలీషా పోయాడు. సమాధి దగ్గర ప్రార్థన అయ్యాక, సంఘంలో పెద్దావిడ పరంజ్యోతి దీవెన చెయ్యి పట్టుకుని ఒక సంగతి చెప్పింది. అప్పట్లో చర్చి ఆడవాళ్లంతా కలిసి మద్రాసు వెళ్లి కోతల పండుగ పాటొకటి రికార్డు చేసి వచ్చారట. అందులో ముందుండి పాడిన గొంతు దేవమణిదేనట. ఆ రికార్డు ఉంటే గింటే దాలయ్య దగ్గరే ఉండాలి.

"మా అమ్మ గొంతు ఎలాగుంటాదో నాకు తెలీదు బాబాయ్. ఒక ఫొటో ఉన్నాది, అంతే" అని ఆవిడ ఫోనులో అందట. దాలయ్య వెంటనే పెట్టె తెరిచాడు. రికార్డు ఉంది. కవరు మీద 'బాప్టిస్టు సంఘం' అని అతని చేతిరాతే ఉంది. వచ్చే ఆదివారం రమ్మన్నాడు.

కానీ అతని యంత్రం చచ్చి పదిహేనేళ్లయింది. అందుకని చెల్లెలి కూతురు ఝాన్సీకి కబురు పెట్టాడు. ఝాన్సీ విజయనగరంలో డీజే. ఆడపిల్లకి డీజే పనేమిటని నేను ఒకసారి నోరు జారితే, "మరి మొగోలు వంటలకి ఎల్తన్నారు కదా మేష్టారూ" అంది. ఆ పిల్ల ఈమధ్యనే రికార్డులు తిప్పే పాత యంత్రం, టర్న్‌టేబుల్, ఒకటి సంపాదించింది. ఆదివారం పొద్దున్న దాన్ని ఆటోలో వేసుకుని వచ్చింది. చేతిలో రెండు చిన్న డబ్బాలు, భుజాన లాప్‌టాప్. నేను టీకని వెళ్లి అక్కడే ఉండిపోయాను.

తెలియనివాళ్లకి ఒక మాట చెప్పాలి. రికార్డు మీద పాటంతా సన్నటి గాడిలో ఉంటుంది. ఆ గాడిలో నడిచే మొనని మా వైపు ముల్లు అంటారు. ముల్లుని పట్టుకుని ఉండే బుల్లి పెట్టె పేరు కార్ట్రిడ్జి. ఝాన్సీ ఒక స్నేహితుడి దగ్గర రెండు రకాలు అడిగి తెచ్చింది, ఒకటి ఎంచుకుని రెండోది తిరిగిచ్చేస్తుంది. ఒకదాని మొన గుండ్రం. బరువుగా కూచుంటుంది, రికార్డుని చేత్తో ముందుకీ వెనక్కీ లాగి 'జిగిజిగి'మని స్క్రాచింగ్ చేసినా గాడి వదలదు. రెండోదాని మొన సన్నం. తేలిగ్గా నడుస్తూ గాడిలో దాక్కున్న చిన్న చప్పుడుని కూడా బయటికి లాగుతుంది. రికార్డుని వెనక్కి లాగితే మాత్రం ఆ ముల్లు పాడైపోతుంది.

"రెంటికీ పనికొచ్చేది ఏదో సెప్పు మావా. స్టేజి మీద స్క్రాచ్ సెయ్యాల, ఇంటికొచ్చి ఇనాల."

"అవ్వా కావాల, బువ్వా కావాలంటే ఎలాగే? లాగీ ముల్లు మొండిదవ్వాల. ఇనీ ముల్లు నెమ్మదస్తురాలవ్వాల. ఒకే మనిసి సేత దెబ్బలాటా, జోలపాటా సేయిస్తావేటి?"

మేనమామా మేనకోడలూ కాసేపు అలాగే వాదించుకున్నారు. తర్వాత దాలయ్య, దీవెన వచ్చేలోగా ఒకసారి చూసుకుందామని చర్చి రికార్డు తీశాడు. ముందు సన్నటి ముల్లు పెట్టారు.

బాణలిలో పోపు పడ్డట్టు చిటపటలు మొదలయ్యాయి. వాటి కింద గరగర. ఆ గరగరలో ఒక ఆడగొంతు. నేను ముందుకి వంగాను. గొంతు దగ్గరగా, మన బల్ల మీదే కూచున్నంత దగ్గరగా ఉంది. పాదానికీ పాదానికీ మధ్య ఆవిడ ఊపిరి తీసుకోవడం వినపడుతోంది. కానీ పై స్థాయికి వెళ్లిన ప్రతిసారీ ఆ గొంతు చిరుగుపట్టి గరగరలో మునిగిపోతోంది.

ఝాన్సీ ముల్లు మార్చింది. గుండ్రటిది పెట్టగానే చిటపటలు సగానికి సగం అణిగాయి. పాట హాయిగా సాగింది. కానీ ఆవిడ దుప్పటి ముసుగేసుకుని పాడుతున్నట్టుంది. ఊపిరి లేదు. ఎవరో ఒక ఆడమనిషి, ఏదో ఒక పాట.

ఝాన్సీ రికార్డు తీసి గుమ్మంలో వెలుగుకి వంచి చూసింది. నల్లగా మెరవాల్సిన చోట బూడిద రంగు వలయాలున్నాయి.

"దీన్ని ఎవులో దున్నీసినారు మావా. ముల్లు మీద పెద్ద బరువెట్టి ఉంటారు."

దాలయ్య లేచి వెనక నూతి దగ్గరికి వెళ్లాడు. ఎంతకీ రాకపోతే నేను వెళ్లాను. మొహం కడుక్కుని, తుడుచుకోకుండా నిలబడి ఉన్నాడు.

"ఎవులో కాదు మేష్టారూ, నానే. డప్పులు మోగినా, జనం గెంతినా ముల్లు ఎగిరిపోతాదని దాని నెత్తి మీద రూపాయి బిళ్ల ఎట్టీవోలం. మైకు సెట్టోలందరం అలాగే సేసినాం. ఈ ప్లేటు ఇరవై ఏళ్లు ఏసినాను. ప్రతి క్రిస్మస్‌కీ, ప్రతి కోతల పండక్కీ. హారన్లో ఇంటే అరుగుదల తెలీదు. ఒక్క ప్లేటు ఇరగలేదని డప్పు కొట్టుకున్నాను గానీ, ఇరగ్గొట్టకుండానే సంపీసినాను."

నేను ఓదార్చాలనుకున్నాను. "గుండ్రటి ముల్లే పెట్టేయవయ్యా. పాట బాగానే వినపడుతోంది కదా. ఆవిడ ఇంతకు ముందు విన్నది కాదు, తేడా ఏం తెలుస్తుంది? నీ సంగతి చెప్పక్కర్లేదు, ఆవిడకీ బాధ ఉండదు" అన్నాను.

"తప్పు లెక్కకి సున్నా ఏసీవోరు, మీరేనా ఈ మాటనీది?" అన్నాడు.

నాకు సిగ్గేసింది. అయినా అతను మాత్రం ఆ సలహా పూర్తిగా తోసెయ్యలేదు. లోపలికి వచ్చి, గుండ్రటి ముల్లే బిగించి ఉంచమని ఝాన్సీకి చెప్పాడు. భయం ఎవరికైనా భయమే.

మధ్యాహ్నం మూడింటికి దీవెన వచ్చింది. నేత చీర, భుజానికి బడికి తీసుకెళ్లే సంచీ. గుమ్మం బయట చెప్పులు విడిచింది. దుకాణం ముందు ఎవరూ అలా విడవరు. కుర్చీలో కూచుని, సంచీలోంచి తల్లి ఫొటో తీసి ఒళ్లో పెట్టుకుంది. "వెయ్యి బాబాయ్" అంది.

దాలయ్య చెయ్యి యంత్రం దాకా వెళ్లి ఆగింది. "ఇది తీసేయే ఝాన్సీ. ఆ సన్నటిది ఎట్టు" అన్నాడు. ఝాన్సీ ఏదో అనబోయి మానేసి, ముల్లు మార్చింది. అతను దీవెన వైపు తిరిగాడు.

"అమ్మా, ముందు ఒక మాట. రెండు ముళ్లున్నాయి. ఒకదాంతో ఏస్తే పాట సాపుగా వస్తాది, మీ అమ్మ రాదు. దీంతో ఏస్తే మీ అమ్మ వస్తాది గానీ గరగరగా ఉంటాది. ఆ గరగర నా సేతిపనే. ముల్లు మీద బరువెట్టి, తెలీక, ఇరవై ఏళ్లు అరగదీసినాను. నువ్వు ఏటన్నా పడతాను."

దీవెన అతని మాటలు సరిగ్గా విన్నదో లేదో. తలూపింది. అతను ముల్లు దించాడు.

మూడున్నర నిమిషాల పాట. మొదటి చరణం అయ్యేదాకా ఆవిడ కదల్లేదు. ఏడుస్తుందేమో అనుకున్నాను, ఏడవలేదు, కనుబొమ్మలు ముడిపడ్డాయి. రెండో చరణం దగ్గర ఆవిడ పెదవులు కదిలాయి. మూడో చరణానికి గొంతు కలిపింది. గరగరలో తల్లి గొంతు మునిగిపోయిన చోట కూడా ఆవిడకి మాటలు తెలుసు. ఎక్కడ ఆగాలో, ఎక్కడ మిగతా ఆడవాళ్లు అందుకుంటారో అన్నీ తెలుసు.

పాట అయిపోయింది. ముల్లు చివరి గాడిలో తిరుగుతోంది. ఎవరూ దాన్ని ఎత్తలేదు.

"ఈ పాట నాకు తెలుసు" అంది దీవెన. "చర్చి మీద హారన్లో వచ్చేది. నేను ఆ కిందే తొక్కుడుబిళ్ల ఆడుకునేదాన్ని. మా ఇల్లు ఎదురుగుండానే కదా. ఈ పాట మొదలవ్వగానే నాన్న లోపలికెళ్లి కిటికీ మూసీవోడు. మైకంటే చిరాకేమో అనుకున్నాను. మిగతా పాటలకి మూసీవోడు కాదు. ఆ సంగతి ఇప్పుడే తోస్తన్నాది."

కాసేపు ఫొటో చూసుకుంది. తర్వాత తలెత్తి అడిగింది.

"పాడుతున్నది మా అమ్మేనని నీకప్పుడు తెలుసా బాబాయ్?"

దాలయ్య కాళ్ల కేసి చూసుకున్నాడు. "తెలుసమ్మా. ఊరంతటికీ తెలుసు. నీకూ తెలుసనుకున్నాం."

"నాకెవరు చెప్పారనుకున్నారు?"

గొంతు పెంచలేదు. బడిలో పాఠం అడిగినట్టే అడిగింది. పొద్దున్నుంచీ ఒక తప్పుకి సిద్ధపడి కూచున్న మనిషికి, ఇంకో తప్పు ఎదురొచ్చి నిలబడింది. దానికి మార్చి పెట్టడానికి ఏ ముల్లూ లేదు. మనలో ఇది మామూలే. నలుగురికీ తెలిసిన సంగతి ఆ ఇంటివాళ్లకి తెలియకుండా ఉంటుందా అనుకుంటాం, ఎవరి పని వాళ్లు చూసుకుంటాం.

"రికార్డు అరిగిందని నాకేం బాధ లేదు" అంది దీవెన. "అరిగిందంటే నేను విన్నట్టే కదా. హాస్టలుకి వెళ్లేదాకా ప్రతి ఏడూ విన్నాను. ఒక్కరు, ఒక్క మాట చెప్పుంటే ఆట ఆపేసి నిలబడి వినేదాన్ని."

దాలయ్య కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. దాచుకోలేదు. ఝాన్సీ ఏం చెయ్యాలో తెలియక లాప్‌టాప్ చూపించింది.

"పాట మోగతన్నప్పుడే ఇందులోకి ఎక్కించీసినాను అక్కా. మీ ఫోనుకి పంపుతాను. ఎన్నిసార్లిన్నా అరగదు."

"పంపమ్మా" అంది దీవెన. ఫొటోని సంచీలో పెట్టుకుని, దాలయ్య వైపు చూసింది. "కానీ ఇప్పుడు దీన్నే మళ్లీ వెయ్యి బాబాయ్."

"ఏసినకొద్దీ ఇంకా పోతాదమ్మా."

"పోనీ."

అతను ముల్లు ఎత్తి, రికార్డు మొదట్లో, వీలైనంత నెమ్మదిగా దించాడు. చిటపటలు మొదలయ్యాయి. దీవెన కుర్చీలోంచి లేచింది. పాట అయ్యేదాకా నిలబడే వింది.